రంగు వేస్తే పాత రైలు పెట్టె తిరిగి రాదు

రైల్వేకు సంబంధించిన ఏ ఉత్సవం దగ్గరపడినా విశాఖలో ఒక మాట లేస్తుంది. మూలన పడి ఉన్న పాత ప్యాసింజరు పెట్టె ఒకదాన్ని బయటికి లాగి, కడిగి, రంగు వేసి, పూలదండ కట్టి జనానికి చూపిద్దామని. మన దేశంలో తొలి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయి బోరీబందర్ నుంచి ఠాణాకు నడిచింది. 2028కి దానికి 175 ఏళ్లు నిండుతాయి కాబట్టి ఈ మాట ఇంకా గట్టిగా వినిపిస్తుంది. మంచి ఆలోచనే. అయితే కడగడానికీ రంగు వేయడానికీ మధ్య ఎంత పని దాగి ఉందో విన్నవాళ్లకు తెలియదు, అన్నవాళ్లకు అసలే తెలియదు.

నాకు కొంచెమైనా తెలిసిందంటే అది మా మావయ్య చలవ. ఆయన రైలు పెట్టెల మరమ్మతులో ఫిట్టరుగా చేరి, ఆ పనిలోనే రిటైరయ్యారు. చిన్నప్పుడు నేను బోగీ అన్నప్పుడల్లా సరిదిద్దేవారు. పత్రికల్లో, మన మాటల్లో బోగీ అంటే మనుషులు కూర్చునే పెట్టె. పని తెలిసినవాళ్లకు మాత్రం బోగీ అంటే పెట్టె కింద ఉండే నాలుగు చక్రాల చట్రం. ఒక్కో పెట్టెకు అలాంటివి రెండు, ముందొకటి వెనకొకటి. "నువ్వు బోగీలో కూర్చోవురా, బోగీ మీద కూర్చుంటావు" అనేవారు మావయ్య. వినడానికి మాటల తగవులా ఉంటుంది కాని పాత పెట్టెను బాగుచేయడంలోని చిక్కంతా ఈ తేడాలోనే ఉంది. జనం చూడాలనుకునేది పైన ఉన్న పెట్టెను. రైల్వేవాళ్ల భయమంతా కింద ఉన్న బోగీ గురించి.

ఇంతకీ ఏ పెట్టెను ఎంచుకోవాలి? సెలూన్లు అని పిలిచే రాజుల విలాస పెట్టెలు, దొరల ప్రత్యేక పెట్టెలు కొన్ని ఇప్పటికే భద్రంగా ఉన్నాయి. ఢిల్లీలో 1977లో మొదలైన జాతీయ రైలు మ్యూజియానికి వెళ్తే చూడవచ్చు. విలువైనదని ముందే తెలిసిన వస్తువును ఎవరో ఒకరు దాచిపెడతారు. రోజూ వాడేదాన్ని ఎవరూ దాచరు. అమ్మమ్మ ఇత్తడి చెంబును అటక మీద దాచిన ఇళ్లు వందలు చూశాను కాని ఆమె వాడిన చీపురుకట్టను దాచిన ఇల్లు ఒక్కటీ చూడలేదు.

విశాఖకు బొంబాయిలాగా లోకల్ రైళ్లు లేవు. మనకు ఆ పని చేసి పెట్టింది ప్యాసింజరు. విజయనగరం, కొత్తవలస, పెందుర్తి వైపు నుంచి, తుని, ఎలమంచిలి, అనకాపల్లి వైపు నుంచి పొద్దున్నే మనుషులను ఊళ్లోకి తెచ్చి, చీకటి పడ్డాక ఇళ్లకు చేర్చింది ఆ రైళ్లే. కూరగాయల గంపలు, పాల క్యాన్లు, సీజను టికెట్టు ఉద్యోగుల టిఫిను డబ్బాలు అన్నీ ఎక్కిన రెండో తరగతి పెట్టె అది. విశాఖలో ఏదైనా ఒక పెట్టెను నిలబెట్టాలంటే అలాంటిదే కావాలని నా పట్టుదల. సెలూన్లలో ఈ ఊరివాళ్లు ఎంతమంది తిరిగారు గనక?

మన జ్ఞాపకాల్లో ఉన్న ఆ పెట్టె చాలావరకు పెరంబూరుది. మద్రాసు పెరంబూరులోని ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ స్విట్జర్లాండ్‌లోని ష్లీరెన్ కంపెనీ సాంకేతిక సాయంతో 1955 అక్టోబరు 2న మొదలైంది. అంతకు ముందటి పెట్టె ఒక రకంగా ఉక్కు చట్రం మీద కట్టిన కొయ్య ఇల్లు. బరువంతా కింది చట్రం మోసేది, పైనున్న టేకు గది దాని మీద కూర్చునేది. పెరంబూరు పెట్టె అలా కాదు. నేల, గోడలు, కప్పు అన్నీ కలిసి ఒకే గొట్టంలా బరువు పంచుకుంటాయి. ఇంటెగ్రల్ అన్న పేరుకు అర్థం అదే. ఆ నిర్మాణ భేదం బాగుచేసేవాళ్ల పనినే మార్చేస్తుంది. కొయ్య పెట్టెలో ఒక పలక పుచ్చిపోతే దాన్ని ఊడదీసి కొత్తది బిగించవచ్చు, మిగతా పెట్టె ఏమీ అనుకోదు. ఉక్కు పెట్టెలో గోడ అడుగు అంచు తుప్పు తింటే మొత్తం పెట్టె బలమే తగ్గుతుంది.

ఈ రకం పెట్టెల తయారీని పెరంబూరు 2018 జనవరిలో ఆపేసింది. వాటి స్థానంలోకి ఎల్.హెచ్.బి. అని పిలిచే జర్మన్ నమూనా పెట్టెలు వచ్చాయి. పెరంబూరు పెట్టెకు రైల్వే లెక్కలో ఆయుర్దాయం 25 ఏళ్లు. తర్వాత దాని దారి తుక్కు వేలానికే. మొన్నటిదాకా ప్రతి ప్లాట్‌ఫారం మీదా కనిపించిన వస్తువు మన కళ్ల ముందే అరుదైపోవడానికి కారణం ఇదే. మరి నిజంగా పాతది ఎక్కడ దొరుకుతుంది? ప్రయాణికుల సేవ నుంచి తప్పించాక ఇంకో పనికి మళ్లించినవాటిలో వెతకాలి. ప్రమాద సహాయ రైళ్లలో, పట్టాల పనివాళ్లు బస చేసే క్యాంపు పెట్టెల్లో కొన్ని అదనంగా బతుకుతాయి. మరికొన్నింటికి లోపలి సీట్లు పీకేసి, కిటికీలు మూసేసి, కార్లు మోసే డబ్బాలుగా మారుస్తారు. క్యాంపు పెట్టె దొరికితే అదృష్టం. లోపల వంటగట్టు, మంచాలు ఉంటాయేమో కాని గోడలు, కిటికీలు పాతవే మిగిలి ఉంటాయి. కార్ల డబ్బాను మళ్లీ ప్రయాణికుల పెట్టె చేయడమంటే దాదాపు కొత్తది కట్టుకోవడమే.

పెట్టె దొరికింది అనుకుందాం. రంగు డబ్బా మూత తీసే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. దాన్ని ఏ సంవత్సరానికి తీసుకెళ్తాం?

ఒక పెట్టె పాతికేళ్లు నడిస్తే దానికి ఒకే రూపం ఉండదు. పుట్టినప్పుడు జేగురు రంగు, తొంభైల తర్వాత నీలం. చెక్క బల్లల చోట రెక్జిన్ సీట్లు వస్తాయి. పసుపు బల్బులు పోయి ట్యూబులైట్లు వస్తాయి. పక్కన రాసిన రైల్వే జోన్ అక్షరాలు కూడా మారతాయి. వాల్తేరు డివిజన్ 1955 నుంచి ఆగ్నేయ రైల్వేలో ఉండి, 2003లో తూర్పు కోస్తా రైల్వేలోకి వచ్చింది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్ ప్రకటన 2019లో వెలువడింది. రైల్వేలో మూడో తరగతి 1974లో రద్దయింది. వాల్తేరు స్టేషను పేరు విశాఖపట్నంగా మారింది 1987లో. అందువల్ల మూడో తరగతి గుర్తు ఉన్న పెట్టెకు విశాఖపట్నం అన్న బోర్డు తగిలిస్తే అది ఎన్నడూ లేని రైలు అవుతుంది. ఇలాంటి పొరపాటును పట్టుకునేవాళ్లు ఎందరుంటారు అంటారేమో. రిటైరైన రైల్వే ఉద్యోగులు వీధికొకరు ఉన్న ఊరు ఇది.

సంవత్సరాన్ని నిర్ణయించడానికి పుస్తకాలకంటే పెట్టే మంచి సాక్షి. సామాను అర బిగించిన బ్రాకెట్టు వెనక, తలుపు కమ్మీ చాటున, ఎండ తగలని చోట్ల చిన్న బిళ్లంత మేర రంగును పొరలు పొరలుగా గీకి చూస్తారు. పైన నీలం, దాని కింద జేగురు, ఆ కింద ప్రైమరు, అట్టడుగున లోహం. ఎండకు వెలిసిన పైపొరను చూసి కలిపిన రంగు ఎప్పుడూ తప్పే అవుతుంది, చాటున దాక్కున్న పొరే అసలు రంగు చెబుతుంది. ఆ గీకిన బిళ్లను అలాగే వదిలి, మీద అద్దం బిగిస్తే బాగుంటుందని నా కోరిక. చూడవచ్చిన పిల్లలు ఆ పెట్టె వయసును వేలు పెట్టి లెక్కపెట్టుకుంటారు.

ఉత్సవం కోసం పాత పెట్టెను బాగుచేయడం అన్న మాట వస్తే లండన్ కథ చెప్పుకోకుండా ఉండలేం. ప్రపంచంలో మొదటి భూగర్భ రైలు 1863 జనవరిలో పాడింగ్టన్, ఫారింగ్డన్ మధ్య నడిచింది. 2013లో ఆ 150 ఏళ్ల పండుగకు ఆవిరి ఇంజిను వెనక నడిపిన పెట్టెల్లో 353 నంబరుది ఒకటి. 1892లో చేసిన మొదటి తరగతి కొయ్య పెట్టె అది. భూగర్భ రైలు కంపెనీ వదిలించుకున్నాక ఒక చిన్న పల్లె రైలు మార్గానికి వెళ్లింది. ఆ మార్గం 1940లో మూతపడ్డాక చక్రాలు పోయి, మొండెం మాత్రం మిగిలి, నేల మీద గదిలా వాడుకలో ఉండిపోయింది. 1974లో లండన్ రవాణా మ్యూజియం దాన్ని తెచ్చుకున్నా, మళ్లీ నడిచే రూపం రావడానికి ఇంకా నాలుగు దశాబ్దాలు పట్టింది. వేల్స్‌లోని ఫెస్టినియాగ్ రైల్వే కార్ఖానాలో దానికి ప్రాణం పోశారు. అసలు చట్రం ఎప్పుడో పోయింది కాబట్టి వేరే పాత సామాను వ్యాను చట్రాన్ని కత్తిరించి కింద అమర్చారు.

మరి అది 1892 పెట్టేనా? తాతగారి గొడ్డలికి నాన్న పిడి మార్చాడు, కొడుకు ఇనప భాగం మార్చాడు, ఇప్పటికీ అది తాతగారి గొడ్డలే అన్నట్టుగా ఉంది కదూ. నా వరకు సమాధానం సులువు. ఏది పాతది, ఏది కొత్తది అన్నది దాచకుండా చెప్పినంత కాలం అది ఆ పెట్టే. దాచిన రోజున నాటకం సెట్టు అవుతుంది.

ఇక మన సముద్రం సంగతి. విశాఖలో ఇనప గేటుకు ఏటా రంగు వేయించేవాళ్లకు తుప్పు గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. గాలిలోని ఉప్పు లోహం మీద వాలి తేమను పట్టి ఉంచుతుంది, అందులోని క్లోరైడు రంగు పొర కిందికి పాకుతూ తింటుంది. పైకి రంగు నిగనిగలాడుతూ ఉండగానే లోపల రేకు అప్పడంలా పొరలు లేస్తుంది. పెరంబూరు పెట్టెలో ముందు పోయే చోట్లు పనివాళ్లందరికీ కంఠస్థం. మరుగుదొడ్డి కింద, తలుపుల దగ్గర, గోడ నేలను కలిసే అంచున. ఈ పెట్టె నేల కింద ముడతలు పెట్టిన ఉక్కు రేకు ఉంటుంది. మరుగుదొడ్డి నుంచి జారిన నీరు ఆ ముడతల్లో నిలిచి, ఏళ్ల తరబడి నెమ్మదిగా పని చేసుకుపోతుంది. పైన పరిచిన చెక్క, లినోలియం ఎత్తితే గాని అది కంటికి కనబడదు. తుప్పు మీద లప్పం పూసి, దాని మీద రంగు కొట్టి మెరిపించడం మన దగ్గర బాగా తెలిసిన విద్య. ఆ మెరుపు ఒక వానాకాలం ఆగదు. తిన్న మేర రేకు కోసి, కొత్త రేకు వెల్డింగు చేసి, లోపలి వైపు కూడా రక్షణ పూత వేసి, నీరు నిలవకుండా దారి చేస్తేనే పని జరిగినట్టు. ఖర్చులో పెద్ద భాగం ఇక్కడే పోతుంది. ప్రారంభోత్సవం నాడు ఫొటోల్లో మాత్రం ఇందులో ఏదీ కనబడదు.

ఆ రేకు కోసే ముందు ఇంకో గండం ఉంది. పాత కాలపు పెట్టెల్లో వేడి, చప్పుడు లోపలికి రాకుండా గోడల మధ్య ఆస్‌బెస్టాస్ అనే రాతినార పూసేవారు. కదిలించనంత వరకు అది నోరెత్తదు. గ్రైండరు పెట్టిన క్షణంలో కంటికి కనబడని నూగు గాలిలోకి లేచి ఊపిరితిత్తుల్లో చేరుతుంది, దాని ఫలితం దశాబ్దాల తర్వాత క్యాన్సరుగా బయటపడవచ్చు. పాత రంగుల్లో సీసం ఉంటుంది కాబట్టి పొడిగా గీకడమూ ప్రమాదమే. ముందు నమూనా తీసి పరీక్షించడం, ఉంటే ఆ పని తెలిసినవాళ్లతో, మాస్కులతో, మూసిన షెడ్డులో తీయించడం తప్పనిసరి. ఉత్సవం తేదీ దగ్గరపడుతోందని రోజుకూలీల చేతికి గ్రైండర్లు ఇచ్చి తోసేసే పని కాదు.

ఇప్పుడు అసలు పీటముడి. ఆ పెట్టె నడవాలా, నిలబడాలా?

నడవాలంటే బ్రేకులతో మొదలుపెట్టాలి. పాత పెట్టెలవి వాక్యూమ్ బ్రేకులు. రైలు పొడవునా ఉన్న గొట్టంలోంచి ఇంజిను గాలిని పీల్చేస్తూ ఉంటుంది, ఆ శూన్యమే బ్రేకులను విడిపించి ఉంచుతుంది. గొట్టం తెగినా, ఎవరైనా గొలుసు లాగినా బయటి గాలి లోపలికి దూసుకొస్తుంది, ఆ గాలి ఒత్తిడికి బ్రేకులు పడతాయి. గొలుసు లాగిన పెట్టె చివర పైన చిన్న బిళ్ల ఒకటి తిరిగి నిలబడేది. గార్డు వచ్చి ఏ పెట్టెలో లాగారో పట్టుకునేది దాన్ని చూసే. నేటి రైళ్లవి ఎయిర్ బ్రేకులు. గొట్టంలో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడితో గాలి నిండి ఉంటుంది, అది తగ్గితే బ్రేకులు పడతాయి. రెండింటి తర్కం ఒకటే, చెడితే రైలును ఆపే వైపుకే చెడాలి. దారులు మాత్రం పూర్తిగా ఎదురెదురు. ఇవాళ్టి విద్యుత్ ఇంజినులో వాక్యూమ్ పీల్చే ఏర్పాటే ఉండదు. పాత పెట్టెను దాని పాత బ్రేకులతోనే నడుపుతామంటే లాగే ఇంజినే దొరకదు. కాబట్టి కింద ఎయిర్ బ్రేకులు అమర్చి, పాత వాక్యూమ్ సిలిండరును చూపు కోసం ఉంచడమే మార్గం. ఒక పెట్టెకూ మరో పెట్టెకూ ముడి వేసే చోటా ఇదే తగవు. పాతదానికి మరబిగింపు కొక్కెం, రెండు వైపులా తాకిడిని ఓర్చుకునే బఫర్లు. కొత్తదానికి మధ్యలో పిడికిలిలా బిగుసుకునే కప్లరు.

చక్రాలు, ఇరుసులు మరీ ముఖ్యం. పెరంబూరు పెట్టెకు కొత్త చక్రం వ్యాసం 915 మిల్లీమీటర్లు, అరుగుతూ చెక్కుతూ తగ్గుతూ వస్తుంది. ఇరుసు లోపలి పగులు కంటికి కనబడదు, అల్ట్రాసోనిక్ పరీక్షలోనే తేలుతుంది. పాత ఇరుసు ఎంత చరిత్ర ఉన్నదైనా పరీక్షలో తప్పితే మారి తీరాలి. ఇక్కడ సెంటిమెంటుకు చోటు లేదు. ఇవన్నీ దాటాక కూడా మనుషులను ఎక్కించుకోవాలంటే భద్రత అనుమతులు కావాలి. రైల్వే భద్రత కమిషనర్లు రైల్వే శాఖ కింద కాకుండా పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తారని చాలామందికి తెలియదు. రైలు నడిపేవాళ్లే తమ రైలుకు తామే మార్కులు వేసుకోకూడదన్నది అందులోని ఉద్దేశం. ఇంత చాదస్తం దేనికి అనిపించినప్పుడు నేను కంటకాపల్లి, అలమండ మధ్య దారిని గుర్తు చేసుకుంటాను. 2023 అక్టోబరు 29 రాత్రి అక్కడ రెండు ప్యాసింజరు రైళ్లు ఢీకొని 14 మంది చనిపోయారు. ఆ ప్రమాదం సిగ్నళ్లకు సంబంధించినది, పెట్టెల వయసుకు కాదు. అయినా ఈ ఊరివాళ్లం ప్యాసింజరు రైలు భద్రతను తేలిగ్గా మాట్లాడలేం.

పాత పెట్టెను అరకు పంపుదాం అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అద్దాల పెట్టె 2017 నుంచి వెళ్తోంది, పాతది ఎందుకు వెళ్లకూడదని. కొత్తవలస, కిరండూల్ మార్గం ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనప ఖనిజాన్ని జపానుకు పంపడం కోసం 1960లలో కట్టింది. సొరంగాలే 58. అరకు చేరే ముందు వచ్చే శిమిలిగూడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తు నుంచి దిగేటప్పుడు బ్రేకులు ఎంతసేపు పట్టి ఉండాలో ఆలోచిస్తే చాలు, ముసలి పెట్టెకు అది తగిన దారి కాదని తెలిసిపోతుంది. నడపాలనుకుంటే పెందుర్తి, కొత్తవలస మీదుగా విజయనగరం దాకా నెమ్మదిగా, ఏడాదికి ఒకటి రెండు రోజులు. దూరం 61 కిలోమీటర్లు. ఆ పెట్టె తన బతుకంతా తిరిగింది ఇలాంటి దారుల్లోనే.

నిలబెట్టాలనుకుంటే మన ముందున్న పాఠం బీచ్ రోడ్డులోనే ఉంది. ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా మారింది. దాని లోపలికి వెళ్లినవాళ్లకు గుర్తుండిపోయేది ఇనుము కాదు. నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్లు దగ్గరుండి, ఇక్కడ పడుకునేవాళ్లం, ఇక్కడ వండుకునేవాళ్లం అని చెప్పే తీరు. రైలు పెట్టెకూ అదే కావాలి. ఒక్క తేడా. జలాంతర్గామిని చేసిందే ఉప్పునీటిలో ఉండడానికి. రైలు పెట్టెను ఇసుక పక్కన, కప్పు లేకుండా పెడితే దాన్ని రెండోసారి తుక్కు చేసినట్టే. దానికి పైన కప్పు, నాలుగు వైపులా గాలి ఆడే షెడ్డు, బీచ్‌కు దూరంగా ఊరి లోపల చోటు కావాలి. ప్రారంభోత్సవానికి పెట్టే ఖర్చుతో పాటు ఏటా రంగుకు, కాపలాకు డబ్బు ముందే పక్కన పెట్టకపోతే అసలు మొదలుపెట్టకపోవడమే మేలు.

లోపలి అలంకరణ గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది అన్నిటికంటే తేలిక. సీట్లలో పాత నురుగు తీసి నిప్పు అంటుకోని రకం వాడాలి. దీపాలు చూడ్డానికి పాతవే ఉండవచ్చు, వైర్లు మాత్రం కొత్తవి. ఒకప్పుడు చక్రం ఇరుసుకు పట్టీ కట్టి తిప్పిన డైనమో నుంచి 24 వోల్టుల కరెంటు వచ్చేది, అందుకే పెద్ద స్టేషనులో ఎక్కువసేపు ఆగితే దీపాలు నీరసించేవి. ఫ్యాను తిరక్కపోతే జాలీలోంచి దువ్వెన దూర్చి రెక్కను ఒక్క తోపు తోసేవాళ్లం. బాగుచేసిన పెట్టెలో ఫ్యాన్లన్నీ చక్కగా తిరగాలని ఇంజనీర్లు అంటారు. ఒక్కదాన్ని మాత్రం మొండిగా వదిలేయమని అర్జీ పెట్టాలని ఉంది.

మొన్న మావయ్య దగ్గరికి వెళ్లి, అలాంటి పెట్టె ఒకటి మీ చేతికిస్తే ఎక్కడ మొదలుపెడతారు అని అడిగాను. జేగురు రంగు ఏ పాళ్లలో కలపాలో చెబుతారనుకున్నాను. ఆయన కుర్చీలోంచి కదలకుండా, "మరుగుదొడ్డి గుమ్మం దగ్గర నేల ఎత్తించి, రేకు మీద సుత్తితో తట్టమంటాను. ఖంగుమంటే మిగతాది మాట్లాడుకుందాం" అన్నారు. మరి మొద్దుగా మోగితే? "అప్పుడు టీ తాగి ఇంకో పెట్టె చూడమంటాను."